మంచిచెడ్డలను ఎరిగేది హృదయమా, ఆజ్ఞయా? — ఆచార్య హచిసన్ వృత్తాంతం

1738వ సంవత్సరంలో స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరపు మతపెద్దల సభ ఒక విశ్వవిద్యాలయ ఆచార్యునిపై రెండు అభియోగాలు మోపింది. ఇతరుల సుఖాన్ని పెంపొందించడమే ధర్మానికి ప్రమాణమని శిష్యులకు బోధిస్తున్నాడని మొదటిది. భగవంతుని గూర్చిన జ్ఞానం కలుగకముందే, అది లేకుండానే, మానవుడు మంచిచెడ్డలను ఎరుగగలడని చెబుతున్నాడని రెండవది. ఆ ఆచార్యుని నామధేయం ఫ్రాన్సిస్ హచిసన్. నిత్యం గర్భాలయంలో అర్చన చేసుకొనే నావంటివాడు ఆ రెండవ అభియోగాన్ని చదివి ఊరక పుట తిప్పివేయలేడు. దైవాజ్ఞ వలన ధర్మం ధర్మమైనదా, లేక ధర్మం కనుకనే దైవం దానిని ఆజ్ఞాపించినదా అన్న ప్రశ్న అందులో దాగి ఉన్నది.

హచిసన్ 1694లో ఐర్లండు ఉత్తరభాగమైన అల్‌స్టర్‌లో జన్మించాడు. తండ్రి, తాత ఇరువురూ ప్రెస్బిటేరియన్ మతబోధకులు. తానుకూడ గ్లాస్గోలో విద్యనభ్యసించి బోధకునిగా అర్హత పొందాడు. ఆ రోజులను గూర్చి ఒక కథ పరంపరగా వినవస్తున్నది. అస్వస్థుడైన తండ్రికి బదులు ఒక ఆదివారం ఈ యువకుడు ప్రసంగించగా, శ్రోతలలో అధికులు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారట. వారికి అలవాటైన నరకభయాన్ని విడిచి, ఇతడు దేవుని కరుణను వర్ణించాడు. అంతేకాక, తమ అంతఃకరణపు వెలుగును అనుసరించిన అన్యమతస్థులు సైతం స్వర్గాన్ని పొందుతారన్నాడు. ఆ సభలో ఎవరూ ఎన్నడూ చూడని ఆ అన్యమతస్థులలో మన పితామహులుకూడ ఉన్నారు గదా!

అనంతరం డబ్లిన్ నగరంలో సుమారు పదేండ్లు ఒక విద్యాలయాన్ని నడిపాడు. 1725లో సౌందర్యాన్ని, సద్గుణాన్ని గూర్చిన ఆయన ప్రథమగ్రంథం కర్తృనామం లేకుండా వెలువడింది. అప్పటికి ఆంగ్లదేశంలో రెండు వాదాలు బలంగా ఉన్నవి. మానవుని ప్రతిచర్యకూ స్వార్థమే మూలమని హాబ్స్ మతం. వ్యక్తుల దుర్గుణాలే లోకానికి సంపదను కూర్చుతున్నవని, సద్గుణమనేది పొగడ్త కన్న బిడ్డ అని మాండెవిల్ పరిహాసం. హచిసన్ వీరికి చెప్పిన సమాధానం తర్కజటిలం కాదు, అనుభవసిద్ధం. సారవంతమైన పొలం మనకు మేలు చేస్తుంది, ఉదారుడైన మిత్రుడూ మేలు చేస్తాడు. స్వలాభమే మన ప్రీతికి కారణమైతే, రెండింటి యెడల మనకు ఒకే భావం కలగాలి గదా? తన దేశానికి ద్రోహం చేసి మనకు ఉపకరించినవాని వలన లాభం పొందుతాము, అయినా వానిని మనసులో ఏవగించుకొంటాము. కనుక లాభాన్ని లెక్కించకముందే చర్యలోని మంచిని పసిగట్టే శక్తి ఒకటి మనలో ఉన్నది. కన్ను వర్ణాన్ని గ్రహించినట్లు అది శీలాన్ని గ్రహిస్తుంది. దానిని ఆయన నైతికేంద్రియమన్నాడు.

సౌందర్యవిషయంలోనూ ఇదే మార్గం. వైవిధ్యంలో ఏకరూపత కలిగినది సుందరమని ఆయన నిర్వచనం. సమబాహు త్రిభుజంకంటె చతురస్రం, దానికంటె సమపంచభుజి మనోహరమంటాడు. భుజాల సమత చెడకుండ వైవిధ్యం పెరగడమే కారణం. అసంఖ్యాకమైన గ్రహగతులను ఒకే ఆకర్షణసూత్రంతో బంధించిన న్యూటన్ సిద్ధాంతంలోనూ ఆయనకు అందం గోచరించింది. అంతస్తుకొక తీరు శిల్పంతో, ఒకే లయలో సన్నబడుతూ శిఖరానికి చేరే గోపురాన్ని నిత్యం చూచే మనకు ఈ మాట అర్థం కావడానికి ఉదాహరణలు అక్కరలేదు. అయితే కరుణరసం ఎందుకు ఆనందదాయకమన్న మన ఆలంకారికుల ప్రశ్నకు ఈ రేఖాగణితం చాలదని నా అభిప్రాయం.

మనుస్మృతి ధర్మమూలాలను చెబుతూ వేదం, స్మృతి, ఆచారాల తరువాత చివరకు ఆత్మతుష్టిని పేర్కొన్నది. అయితే అది సాధువుల ఆత్మతుష్టి. శాస్త్రంచేత, ఆచారంచేత సంస్కరింపబడిన హృదయానికే ఆ ప్రామాణ్యం. హచిసన్ ఆ చివరిదానిని ముందుకు తెచ్చి, సంస్కారంతో నిమిత్తం లేకుండ మానవులందరికీ ఇచ్చాడు. అలవాటు, తొందరపాటు, పక్షపాతం ఆ ఇంద్రియాన్ని మసకబరచగలవని ఆయనే అంగీకరించాడు. మరి ఆ మసకను తుడిచేదెవరు? ఇచ్చట ఆయనకంటె మన స్మృతికర్త జాగరూకుడని నాకు తోస్తుంది. కాని హచిసన్ నాస్తికుడు మాత్రం కాడు. ఆ ఇంద్రియాన్ని మనలో అమర్చినవాడు దయామయుడైన ఈశ్వరుడే అన్నది ఆయన దృఢవిశ్వాసం.

రాజ్యవిషయంలో ఆయన మరింత ధీరుడు. ప్రజల సమ్మతి, సర్వజనక్షేమం, ఈ రెండే అధికారానికి ఆధారమన్నాడు. పాలకుడు క్షేమాన్ని ధ్వంసం చేస్తే ఎదిరించే హక్కు ప్రజలకున్నదని, మాతృదేశం పీడిస్తే వలసరాజ్యాలు విడివడవచ్చునని బోధించాడు. తన బుద్ధితో తాను విచారించుకొనే హక్కును ఎవరూ ఇతరులకు ధారపోయలేరన్నాడు. యుద్ధబందీల సంతానాన్ని సైతం బానిసలుగా ఉంచే ఆచారాన్ని ఖండించాడు. అత్యధికులకు అత్యధిక సుఖమన్న సూత్రాన్నికూడ, బెంథామ్ కంటె ఎంతో ముందు, ఆంగ్లంలో ఈయనే వ్రాశాడు. ఇంతటి కరుణామయుడే సోమరులైన దేశదిమ్మరులకు యావజ్జీవదాస్యం తగిన శిక్ష అని వ్రాయడం ఆశ్చర్యకరం. నైతికేంద్రియానికికూడ మసక కమ్ముతుందన్న మాటకు వేరే నిదర్శనం వెదకనక్కరలేదు.

1730 నుండి గ్లాస్గోలో ఆచార్యపీఠాన్ని అధిష్ఠించిన హచిసన్, లాటిన్‌ను విడిచి ఆంగ్లంలో ఉపన్యసించడం ఆరంభించాడు. అక్కడ ఇట్లు చేసిన తొలివారిలో ఆయన ఒకడు. వేదపాఠశాలలో పెరిగిన నాకు శాస్త్రభాష యందు మమకారం మెండు. అయినా సందేహం తీరవలసినచోట దేశభాషకు సాటి లేదన్నది ప్రతి అధ్యాపకుడూ ఎరిగినదే. పదునాలుగేండ్ల ప్రాయంలో వచ్చి ఆయన ఎదుట కూర్చున్న ఆడమ్ స్మిత్, అరువదినాలుగవ యేట, 1787లో, గురువును మరపురానివానిగా స్మరించాడు. యువకుడైన డేవిడ్ హ్యూమ్ 1739లో తన వ్రాతప్రతిని పంపగా, ధర్మం పట్ల ఇందులో తగినంత ఆర్ద్రత లేదని హచిసన్ ఆక్షేపించాడు. దేహాన్ని కోసి పరీక్షించేవాని పని వేరు, చిత్రించేవాని పని వేరు అని హ్యూమ్ ప్రత్యుత్తరం. కొన్నేండ్లకు హ్యూమ్ ఎడింబరోలో ఆచార్యపదవిని కోరినప్పుడు హచిసన్ వ్యతిరేకించాడు. ఒకనాడు మతసభ తనను ప్రశ్నించినట్లే తాను మరొకరిని ప్రశ్నించడం న్యాయమా అని అడుగవచ్చు. ఈశ్వరుని తొలగించిన నీతి నిలువదని ఆయన నమ్మాడు కాబట్టి అట్లు చేశాడని నేను తలుస్తాను.

1738నాటి అభియోగాలు నిలువలేదు. శిష్యులే గురువు పక్షాన సమర్థనపత్రాన్ని అచ్చువేయించారు. 1746లో డబ్లిన్‌లో మరణించేవరకు ఆ పీఠం ఆయనదే. దైవజ్ఞానం లేకుండానే ధర్మం తెలియునన్నాడని నిందింపబడిన ఆ ఆచార్యుడు ప్రతి ఆదివారం సాయంకాలం తన మతసత్యాలను గూర్చి ప్రత్యేకంగా ఉపన్యసించేవాడు. వారమంతటిలో శ్రోతలు కిక్కిరిసేది ఆ సభలోనే.