అలీగఢ్ గేటు దాటినవాళ్ళు

ముస్లింలంతా ఒకే మాట మీద ఉంటారనీ, పెద్దలు ఎటు చూపిస్తే అటే నడుస్తారనీ బయటివాళ్ళ నమ్మకం. పెద్ద సంస్థను విడిచి నలుగురు వేరే కూర్చుంటే కౌమ్‌ను చీల్చారని లోపలివాళ్ళ నింద. ఈ రెండు మాటలూ వినీవినీ విసిగిపోయిన మనం 1920 నాటి అలీగఢ్‌ను ఒకసారి చూసిరావాలి.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో బడిగా మొదలుపెట్టి, రెండేళ్ళకు కాలేజీ చేసిన సంస్థ అది. 1857 దెబ్బకు కుంగిపోయిన ఉత్తరాది ముస్లింలకు ఇంగ్లీషు చదువూ సర్కారు కొలువూ అక్కడే దొరికాయి. ముస్లింలకు అంటే, జమీందార్ల, వకీళ్ళ, ఉద్యోగుల బిడ్డలకు అని చదువుకోవాలి. మగ్గం నేసేవాళ్ళ పిల్లలు ఆ గేటు దాటింది తక్కువ.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన టర్కీని బ్రిటిష్‌వాళ్ళు ముక్కలు చేస్తుంటే ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం లేచింది. 1920 అక్టోబరులో గాంధీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, సర్కారు గ్రాంటు వదులుకోమని అడిగారు. ట్రస్టీలు ఒప్పుకోలేదు. అడిగినవాళ్ళలో మౌలానా మహమ్మద్ అలీ ఆ కాలేజీ పాత విద్యార్థే! సొంత ఇంటివాడే వచ్చి ఇల్లు విడవమన్నాడు.

అక్టోబరు 29, శుక్రవారం. ఆ కాలేజీ మసీదులోనే కొత్త విద్యాలయానికి పునాది పడింది. పేరు జామియా మిల్లియా ఇస్లామియా. ప్రారంభించింది దేవ్‌బంద్ పెద్ద మౌలానా మహమూద్ హసన్. అలీగఢ్‌ది ఇంగ్లీషు చదువు, దేవ్‌బంద్‌ది దీనీ చదువు. ఒకరిదారి ఒకరికి గిట్టేది కాదు. అలాంటిది, మాల్టా ఖైదునుంచి అప్పుడే తిరిగొచ్చిన ఆ ముసలాయన, లేవలేని జబ్బుతో అలీగఢ్ కుర్రాళ్ళ దగ్గరికొచ్చాడు. తన ప్రసంగం తాను చదవలేకపోతే మరొకరు చదివారు. నెల తిరిగేసరికి చనిపోయాడు.

బయటికొచ్చిన కుర్రాళ్ళకు డేరాలూ అద్దె బంగళాలే తరగతి గదులు. చేతికొచ్చే డిగ్రీకి సర్కారు గుర్తింపు లేదు. ఎక్కువమంది అలీగఢ్‌లోనే ఉండిపోయారు. వాళ్ళను ద్రోహులనడం నాకిష్టం లేదు. కొలువు మీదే ఆశ పెట్టుకున్న ఇళ్ళు వాళ్ళవి. ఆ డిసెంబరులోనే కాలేజీ యూనివర్సిటీ అయింది కూడా.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1924లో టర్కీవాళ్ళే ఖలీఫా పదవిని ఎత్తేశారు. ఉద్యమం చల్లారింది, చందాలు ఆగాయి. ఏ కారణంతో ఇల్లు విడిచారో ఆ కారణమే పోయింది. మూసేద్దామన్నవాళ్ళు జామియాలోనే ఉన్నారు. హకీం అజ్మల్ ఖాన్ ఒప్పుకోక, 1925లో దాన్ని ఢిల్లీ కరోల్‌బాగ్‌కు తెచ్చుకున్నాడు. మరుసటేడు బెర్లిన్‌లో చదువు ముగించి జాకిర్ హుసేన్, ఆబిద్ హుసేన్, ముజీబ్ వచ్చి చేరారు. జాకిర్ హుసేన్ పుట్టింది మన హైదరాబాదులో, 1897లో. తండ్రి ఇక్కడ వకీలు. 1920లో అలీగఢ్ విడిచిన కుర్రాళ్ళలో ఈయనా ఒకడు.

అజ్మల్ ఖాన్ 1927 చివర్లో పోయాక, మరుసటేడు ఉపాధ్యాయులు సంఘం కట్టి ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్ళు ఇక్కడే పనిచేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం అని. ఆ మొత్తమైనా నెలనెలా చేతికొచ్చేది కాదు. పేరులో ‘ఇస్లామియా’ తీసేస్తే హిందువుల చందాలు తేలిగ్గా వస్తాయని ఎవరో సలహా ఇస్తే, అది తీసేస్తే తనకు జామియాతో పనిలేదని గాంధీ అన్నాడని జామియావాళ్ళు చెప్పుకుంటారు. సెక్యులర్ మిత్రులు ఈ మాట కొంచెం ఆగి వినాలి. మమ్మల్ని కలుపుకోవడానికి మా పేరు చెరుపుకోమనే స్నేహాలు మాకు ఇప్పటికీ ఎదురవుతున్నాయి.

ఓఖ్లాలో సొంత భవనానికి 1935 మార్చి 1న పునాదిరాయి వేయించింది ఏ నవాబు చేతో కాదు, బడిలో అందరికంటే చిన్న పిల్లవాడి చేత. 1946 రజతోత్సవంలో ఒకే వేదిక మీద జిన్నానూ నెహ్రూనూ కూర్చోబెట్టి, ఈ మంటలు ఆర్పండని జాకిర్ హుసేన్ వేడుకున్నాడు. ఏడాది తిరక్కుండానే ఢిల్లీ అల్లర్లలో కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాల నిలయాన్ని తగలబెట్టారు.

విభజన తర్వాత అలీగఢ్ మీదకు వేళ్ళన్నీ లేచాయి. పాకిస్తాన్‌ను కన్న చోటని ముద్రపడింది. 1948లో దానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్ళింది ఈ జాకిర్ హుసేనే. ఎనిమిదేళ్ళు ఆ పాత ఇంటిని కాచాడు. 1967లో రాష్ట్రపతి అయి, 1969లో పదవిలోనే కన్నుమూశాడు. సమాధి మాత్రం ఓఖ్లాలో, జామియా ఆవరణలో ఉంది.