జీన్ గ్రే వచ్చింది సరే, నీడ సంగతేంటి?

సూపర్‌హీరో కామిక్స్‌లో చావంటే లాంగ్ లీవే. సూపర్‌మేన్ 1992 చివర్లో చనిపోయాడు, 1993లోనే డ్యూటీకి వచ్చేశాడు. ఎలాగూ వస్తారని తెలిశాక ఇక మిగిలే కుతూహలం ఏ దారిన వస్తారన్నది, ఆ దారిలో ఎవరిని తొక్కుకుంటూ వస్తారన్నది. ఈ రెండోదానికి ఎక్స్-మెన్‌లోని జీన్ గ్రే కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు ఆమె ఎలా పోయిందో చెప్పాలి. 1976లో వచ్చిన 100, 101 సంచికల్లో జీన్ ఒక అంతరిక్ష నౌకని సౌర తుఫాను గుండా నడుపుకుంటూ భూమికి తెస్తుంది. నౌక న్యూయార్క్‌లోని జమైకా బే నీళ్ళలో కూలుతుంది. ఆ నీళ్ళలోంచి కొత్త శక్తితో, తాను ఇప్పుడు ఫీనిక్స్‌నని చెప్పుకుంటూ పైకి లేస్తుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ శక్తి తలకెక్కింది. ఆకలేసి ఒక నక్షత్రాన్ని మింగేసింది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద 500 కోట్లమంది మాడిపోయారు.

రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలు గీసిన జాన్ బర్న్ ముందు అనుకున్న ముగింపు మెత్తనిది: ఆమె శక్తులన్నీ తీసేసి మామూలు మనిషిగా బతకనివ్వడం. పేజీలు గీయడం కూడా అయింది. అప్పటి మార్వెల్ ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. ఒక గ్రహాన్నే చంపినావిడ శిక్ష లేకుండా ఇంటికెళ్ళిపోతుందా అన్నది ఆయన అభ్యంతరం. పేజీలు మార్చారు. 1980 సెప్టెంబరు తేదీతో వచ్చిన 137వ సంచికలో, చంద్రుడి మీద, ప్రేమించిన స్కాట్ కళ్ళెదుటే జీన్ తనని తాను చంపుకుంటుంది. నన్నడిగితే షూటర్ అన్నది న్యాయమే. మొదటి ముగింపుని 1984లో విడిగా అచ్చేశారు కాబట్టి రెండూ పక్కన పెట్టుకుని చదవొచ్చు. మొదటిదాంట్లో జీన్‌కి ఏదో జరుగుతుంది, అంతే. రెండోదాంట్లో నిర్ణయం ఆమెది. తను చేసిందేమిటో తెలిసి, మళ్ళీ చేస్తానేమోనని భయపడి, ఇక చాలనుకుంటుంది.

ఐదేళ్ళయ్యాక వ్యాపారం గుర్తొచ్చింది. 1963 నాటి అసలు ఐదుగురినీ మళ్ళీ కలిపి ఎక్స్-ఫ్యాక్టర్ అనే కొత్త పత్రిక పెట్టాలి. నలుగురున్నారు, ఐదో మనిషి పోయింది. షూటర్ షరతు మారలేదు: ఆమె రావాలంటే ఆ హత్యల మచ్చ ఆమె మీద ఉండకూడదు. కర్ట్ బ్యూసెక్ తర్వాత పెద్ద రచయిత అయ్యాడు గానీ, ఈ చిక్కుకి విరుగుడు ఆలోచించిపెట్టుకున్నది అంతకుముందు, ఇంకా కాలేజీలో చదువుకునే అభిమానిగా ఉన్నప్పుడే. ఆ మాట రోజర్ స్టెర్న్ చెవిన పడి, ఆయన నుంచి బర్న్‌కి చేరింది. 1986 జనవరి తేదీతో వచ్చిన అవెంజర్స్, ఫెంటాస్టిక్ ఫోర్ సంచికల్లో అది అమలైంది. జమైకా బే అడుగున ఒక గూడు దొరుకుతుంది, పట్టుపురుగు గూడులాంటిది. అందులో జీన్ నిద్రపోతూ ఉంటుంది. 1976 నుంచీ అక్కడే ఉంది! నీళ్ళలోంచి లేచింది ఆమె రూపం, ఆమె జ్ఞాపకాలు తొడుక్కున్న ఒక విశ్వశక్తి. నక్షత్రాన్ని మింగిందీ అదే, చంద్రుడి మీద చచ్చిపోయిందీ అదే. జీన్‌కి ఏ పాపమూ తెలియదు.

నేను రోజూ చేసే పనిలో ఇలాంటిదాన్ని ప్యాచ్ అంటాం. పాత కోడ్‌లో అక్షరం ముట్టుకోలేదు, ఒక్క లైను చేర్చారు, బగ్ మాయం. అచ్చయిన పేజీలన్నీ అలాగే ఉన్నాయి, వాటి అర్థం మాత్రం మారిపోయింది. ఇంజనీరుగా నాకు ఇది ముచ్చటేస్తుంది. పాఠకుడిగా మాత్రం మింగుడుపడదు. నేరంతో పాటు ఆ నిర్ణయం కూడా ఆమెది కాకుండా పోయింది కదా. చంద్రుడి మీద నేను ఎవరి కోసం బాధపడ్డట్టు?

మనవాళ్ళకి ఈ కిటుకు కొత్తేం కాదు. అధ్యాత్మ రామాయణంలో రావణుడు రాకముందే రాముడు సీతతో చెబుతాడు, నీ నీడని కుటీరంలో ఉంచి నువ్వు అగ్నిలో దాక్కో అని. లంకకి వెళ్ళింది నీడ. అసలు సీత అగ్నిపరీక్షలో బయటికొస్తుంది. దాచింది ఇక్కడ నిప్పు, అక్కడ నీళ్ళు. అవసరం ఒకటే, నాయికకి మచ్చ అంటకూడదు. అయితే మన కథకులు అక్కడితో ఆగలేదు. మరి ఆ నీడ సంగతేంటని అడిగినవాళ్ళున్నారు. వేంకటాచల మాహాత్మ్యంలో సీత బదులు లంకలో కష్టాలు పడింది వేదవతి. అగ్నిలోంచి ఇద్దరూ బయటికొచ్చాక సీతే ఆమె తరఫున రాముణ్ణి అడుగుతుంది, ఈమెని కూడా చేసుకోమని. ఈ జన్మలో ఒకతే భార్య, కలియుగంలో చూద్దామంటాడాయన. ఆ వేదవతే ఆకాశరాజు కూతురు పద్మావతి అయింది. మనం తిరుచానూరులో దణ్ణం పెట్టుకునేది ఆ నీడకే.

మార్వెల్‌లో నీడ పని ఫీనిక్స్‌తో తీరలేదు. 1983లో క్లేర్‌మాంట్ స్కాట్‌కి ఒక తోడుని ఇచ్చాడు: మాడెలిన్ ప్రయర్, అలాస్కాలో పైలట్, అచ్చం జీన్ పోలికే. అదే ఏడాది పెళ్ళి చేశాడు. పోలిక ఉత్త కాకతాళీయమని, హీరో కూడా ఒకరోజు రిటైరై ఇల్లూవాకిలీ చూసుకోవచ్చని ఆయన ఉద్దేశం. వాళ్ళకో కొడుకు పుట్టాడు. సరిగ్గా అప్పుడే గూడు తెరుచుకుంది. ఎక్స్-ఫ్యాక్టర్ మొదటి సంచికలో ఒక ఫోన్ వస్తుంది. స్కాట్ భార్యనీ పసిబిడ్డనీ వదిలేసి న్యూయార్క్ వెళ్ళిపోతాడు. తనకి పెళ్ళైందన్న మాట జీన్‌కి కూడా చాలా సంచికల దాకా చెప్పడు.

ఇప్పుడు కొత్త బగ్: హీరో దుర్మార్గుడిగా కనిపిస్తున్నాడు. దీనికి ఇంకో ప్యాచ్ వేశారు, 1988-89లో వచ్చిన ఇన్‌ఫెర్నో అనే కథతో. మాడెలిన్ మనిషే కాదట, మిస్టర్ సినిస్టర్ అనే విలన్ జీన్ నుంచి తయారుచేసిన క్లోన్ అట. పైగా రాక్షసులతో చేతులు కలిపి సొంత బిడ్డనే బలివ్వబోయిందట. చచ్చిపోయింది, ఆమె జ్ఞాపకాలు జీన్‌లో కలిసిపోయాయి. స్కాట్ ఒడ్డున పడ్డాడు. వదిలేసి పోయినవాడికి మచ్చ లేకుండా చెయ్యడానికి వదిలేయబడ్డ ఆవిణ్ణి దెయ్యాన్ని చేశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడ. క్లేర్‌మాంట్ చేతనే రాయించారన్నది ఇంకా బాధ.

2019లో జోనథన్ హిక్‌మన్ చావునే రద్దు చేశాడు. క్రకోవా దీవిలో ప్రొఫెసర్ ఎక్స్ మ్యూటెంట్లందరి మనసుల్నీ బ్యాకప్ తీసిపెడతాడు. ఐదుగురు కలిసి గుడ్డులోంచి కొత్త శరీరాన్ని పొదుగుతారు, బ్యాకప్‌ని అందులోకి ఎక్కిస్తారు. చదివినప్పుడు గట్టిగా నవ్వాను, రీస్టోర్‌కి ఒక దేశాన్నే కట్టాడని. ఏడాది తిరక్కుండానే జెబ్ వెల్స్ రాసిన హెలియన్స్‌లో మాడెలిన్ మళ్ళీ చచ్చిపోతుంది. స్కాట్ తమ్ముడు హవోక్ ఆమెని బతికించమని అడుగుతాడు. దీవిని ఏలే మండలి కుదరదంటుంది. ఆమె క్లోన్, జీన్ ఉండగా ఇంకో కాపీ ఎందుకని. తర్వాత మనసు మార్చుకుని బతికించారు లెండి. కానీ ఆ నిరాకరణ రాసినందుకు వెల్స్‌కి నా దణ్ణం. 1986 నుంచీ ఎడిటర్లు గుట్టుగా చేస్తున్న పనిని ఆయన పాత్రల నోట పైకి అనిపించాడు.

జీన్‌ని వేరే ఎలా తేవచ్చని స్నేహితులతో వాదించినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే. గూడు ఉండనివ్వండి, బ్యూసెక్ కిటుకు ఉండనివ్వండి. ఫోన్ దగ్గర మాత్రం మార్చండి. స్కాట్ రిసీవర్ పెట్టేసి, ఎవరు చేశారో మాడెలిన్‌కి చెబుతాడు. విమానం ఆమే నడుపుతుంది, వెనక సీట్లో పిల్లాడు. న్యూయార్క్‌లో తలుపు తీసేది జీన్. పదేళ్ళ నిద్రలోంచి లేచిన మనిషి, తన ముఖమే ఎదురుగా, చంకలో బిడ్డతో. అక్కడ స్కాట్‌కి డైలాగు ఇవ్వను. మొదటి మాట మాడెలిన్‌ది: “నీ పేరుతో పిలిచిన ప్రతిసారీ పలికాను. ఇక పలకను.”