కలవని బుడగలు

పుట్టిన మరుక్షణంలోనే విశ్వం అమాంతం ఉబ్బిందనే ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతానికి పునాది వేసింది అలన్ గూత్ 1981 జనవరిలో ప్రచురించిన వ్యాసం. ఆలోచన తట్టింది మాత్రం 1979 డిసెంబర్‌లో. అప్పుడు రాసుకున్న నోటుబుక్కు పేజీలో ముఖ్యమైన వాక్యం చుట్టూ ఆయన గీసుకున్న జంట గడి ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే, తాను ప్రతిపాదించిన రూపంలో సిద్ధాంతం నిలవదని, సవరణ తప్పదని ఆ వ్యాసంలో తానే రాశాడు. ఆ వ్యాసానికి అసలు విలువ తెచ్చింది ఈ ఒప్పుకోలే.

చిక్కంతా బుడగల దగ్గర వచ్చింది. అడ్డుగోడ దాటేంత శక్తి లేకున్నా ఆల్ఫా కణం పరమాణు కేంద్రకం నుంచి ఎలా బయటపడుతుందో 1928లో జార్జ్ గామోవ్ క్వాంటం టన్నెలింగ్‌తో వివరించాడు. 1977లో సిడ్నీ కోల్‌మన్ ఆ లెక్కనే శూన్యానికి వర్తింపజేశాడు. శక్తి ఎక్కువగా ఉన్న మిథ్యాశూన్యంలో, మరిగే ఎసట్లో ఆవిరి బుడగ లేచినట్టు, నిజశూన్యపు బుడగ పుడుతుంది. దాని గోడ దాదాపు కాంతివేగంతో విస్తరిస్తుంది. విడుదలైన శక్తంతా ఆ గోడలోనే ఉంటుంది, లోపల ఖాళీ. గోడలు ఒకదానికొకటి ఢీకొంటేనే ఆ శక్తి వేడిగా, కణాలుగా మారుతుంది. కానీ గూత్ సిద్ధాంతంలో విశ్వాన్ని ఉబ్బించేది మిథ్యాశూన్యమే; బుడగల మధ్య అది గోడల కన్నా వేగంగా ఉబ్బుతుంటే అవి విశ్వమంతటా కలిసేదెలా? కలవవని గూత్, ఎరిక్ వైన్‌బర్గ్ 1983లో లెక్కకట్టి చూపారు. విడివిడి గుంపులుగా మిగిలితే విశ్వం గతుకులమయం కావాలి. కానీ ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే తొలినాటి మైక్రోవేవ్ వెలుగులో తేడాలు లక్షలో ఒక వంతే.

మరి తప్పిన సిద్ధాంతానికి ఇంత గౌరవమెందుకని అడగవచ్చు. తప్పింది టన్నెలింగ్ లెక్క కాదు, బుడగలు కలుస్తాయన్న ఆశ. ఎక్కడ తప్పిందో గూత్ వ్యాసంలోనే తేలింది కాబట్టే ఆంద్రే లిండె, మరోవైపు ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ 1982 నాటికి మరో దారి వెతికారు: విశ్వాన్ని ఉబ్బించే క్షేత్రం టన్నెలింగ్‌కు బదులు తక్కువ శక్తి వైపు నిదానంగా జారుతుంటే ఒక్క ప్రాంతమే మన కంటికి కనిపించే విశ్వమంతటికీ సరిపోయేలా ఉబ్బుతుంది. ఇదంతా పరీక్షకు అందని ఊహ అనే ఆక్షేపణలో కొంత నిజముంది. మన విశ్వం కూడా ఒక బుడగే అయితే, మరో బుడగ దాన్ని ఢీకొన్న ఆనవాళ్ల కోసం డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం గీసిన ఆ మైక్రోవేవ్ వెలుగు పటాల్లో వెతికినా గట్టి రుజువు దొరకలేదు. 2024లో మాత్రం ఇటలీలోని ట్రెంటో పరిశోధకులు అతిశీతల సోడియం పరమాణువుల్లో ఇలాంటి బుడగలు పుట్టడం గమనించారు. అది ఇన్‌ఫ్లేషన్‌కు రుజువు కాదు, బుడగ పుట్టే తీరుకు దన్ను మాత్రమే. ఈ రెండింటినీ కలగలపకూడదు. సిద్ధాంతంతో పాటే దాని లోపాన్నీ అచ్చువేయడం గూత్ చేసిన మేలు. తర్వాతి వాళ్లు పని మొదలుపెట్టింది అక్కడి నుంచే.