ఈవీ కారులో బ్యాటరీ వార్నింగ్ వచ్చిందా? పలాస, టెక్కలి, ఉద్దానం వాహనదారులు వెంటనే చేయాల్సినవి ఇవే..

ఉద్దానం అంటే కొబ్బరి, జీడి తోటలు.. వాటితో పాటే కిడ్నీ జబ్బు. డయాలసిస్ కోసం పలాస, సోంపేట, కవిటి సెంటర్లకు వారంలో రెండు మూడు సార్లు తిరిగే కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఉన్న ఒక్క కారు ఆగిపోతే చికిత్సే ఆగిపోయినట్టు. అందుకే ఎలక్ట్రిక్ కారు డ్యాష్‌బోర్డుపై బ్యాటరీ వార్నింగ్ వెలిగితే ఏం చేయాలి, వారంటీలో ఉన్న బండికి ఉచితంగా రిపేర్ ఎలా రాబట్టుకోవాలి అనేది ముందే తెలిసి ఉండాలి. ఆ వివరాలు చూద్దాం.

ఏ లైట్‌కు ఏం అర్థం?

కారులోని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (బీఎంఎస్) ప్రతి సెల్ వోల్టేజీని, ప్యాక్ వేడిని, కరెంటు లీకేజీని ఎప్పటికప్పుడు చూస్తుంటుంది. తేడా వస్తే లైట్ వెలిగిస్తుంది. సాధారణంగా పసుపు రంగు లైట్ వస్తే బండి నడుస్తుంది కానీ త్వరగా చూపించాలి. తాబేలు గుర్తు వస్తే పవర్ తగ్గించేసినట్టు. చార్జింగ్ బాగా తగ్గినా, బ్యాటరీ వేడెక్కినా ఇది వస్తుంది. ఎర్ర లైట్‌తో పాటు 'బండి ఆపండి' అనే మెసేజ్ వస్తే మాత్రం ఇంకో కిలోమీటర్ కూడా వెళ్లొద్దు. గుర్తులు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి ఓనర్ మాన్యువల్‌లో ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఈవీల్లోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది వీక్ అయితే ఒకేసారి నాలుగైదు వార్నింగులు వచ్చేస్తాయి. పెద్ద ప్యాక్ పోయిందని అప్పుడే హడలిపోవద్దు. అలాగని మీరే తేల్చేసుకుని తిరగడమూ మంచిది కాదు.

రోడ్డు మీద ఎర్ర లైట్ వస్తే..

* హజార్డ్ లైట్లు వేసి బండిని రోడ్డు పక్కకు, ఎండుగడ్డి లేని చోటుకు తీయండి. ఆఫ్ చేసి అందరూ దిగిపోండి.
* పొగ, ఘాటైన వాసన, బుస్సుమనే శబ్దం వస్తే దూరంగా వెళ్లి 112 లేదా 101కి ఫోన్ చేయండి. బండి ఈవీ అని తప్పకుండా చెప్పండి. బ్యాటరీ మంట ఆరినట్టే ఆరి గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు.
* ఆరెంజ్ రంగు కేబుళ్లను ముట్టుకోవద్దు. వాటిలో హై వోల్టేజ్ ఉంటుంది.
* 16వ నంబర్ హైవే మీద ఆగితే 1033కి కాల్ చేయవచ్చు. కారులో పేషెంట్ ఉంటే టోయింగ్ కోసం ఎదురుచూడకుండా ముందు వేరే బండిలో పంపించేయండి. పరిస్థితి సీరియస్ అయితే 108కి ఫోన్ చేయండి.
* తాడు కట్టి లాగించొద్దు. చక్రాలు తిరిగితే మోటార్ కూడా తిరిగి దెబ్బతింటుంది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండే కావాలని అడగండి.

దేశంలో ఇప్పుడున్న ఏఐఎస్-038 భద్రతా ప్రమాణం ప్రకారం, ప్యాక్‌లో సెల్ అదుపు తప్పి వేడెక్కితే లోపలున్న వాళ్లు దిగడానికి కనీసం 5 నిమిషాల ముందు హెచ్చరిక రావాలి. ఆ 5 నిమిషాలు దిగిపోవడానికే తప్ప ఇంటిదాకా నడపడానికి కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడల్లో ఇళ్లలో ఈ-స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది ఈ ప్రమాణాలను కేంద్రం కఠినం చేసింది.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేముందు..

లైట్ ఆరిపోయాక వెళితే "ఫాల్ట్ ఏమీ లేదు" అనే మాట వినాల్సి వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావడం ఎవరికైనా కష్టమే. అందుకే వార్నింగ్ కనిపించగానే బండి ఆపి, కిలోమీటర్ల రీడింగ్, చార్జింగ్ శాతం, మెసేజ్ మూడూ పడేలా వీడియో తీయండి. తేదీ, టైమ్, అప్పుడు చార్జింగ్‌లో ఉందా రన్నింగ్‌లో ఉందా, వర్షం పడుతోందా అనేది రాసుకోండి.

జాబ్ కార్డులో 'జనరల్ చెకప్' అని రాస్తే ఒప్పుకోవద్దు. 'బ్యాటరీ వార్నింగ్ ఫలానా తేదీన వచ్చింది, బండి ఆగిపోయింది' అని మీ కంప్లయింట్‌ను ఉన్నదున్నట్టు రాయించండి. లైట్ ఆరిపోయినా ఫాల్ట్ కోడ్ సాధారణంగా మెమరీలో మిగులుతుంది. ఆ కోడ్ల ప్రింట్‌తో పాటు బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ కూడా అడగండి. ఫాల్ట్ లేదంటే ఆ మాటే కాగితం మీద రాయించుకోండి. ప్యాక్ మారిస్తే పాత, కొత్త సీరియల్ నంబర్లు, ఇచ్చింది కొత్తదా రీఫర్బిష్డ్‌దా, దానికి వారంటీ ఎప్పటివరకు అనేవి రాతపూర్వకంగా తీసుకోండి.

వారంటీ దేనికి వర్తిస్తుంది?

మన దగ్గర చాలా కార్ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఉంటోంది. కొన్ని కొత్త మోడళ్లకు మొదటి ఓనర్‌కు లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తున్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ షరతులు మారిపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ రేంజ్ కొంచెం తగ్గడం మామూలే. బ్యాటరీ హెల్త్ ఎంత శాతం కంటే పడిపోతే మారుస్తారో వారంటీ బుక్‌లోనే ఉంటుంది.

బయటి మెకానిక్ ప్యాక్ విప్పినా, సర్వీసులు ఎగ్గొట్టినా, బండి నీట మునిగినా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. వరద నష్టం ఇన్సూరెన్స్ కిందకు వస్తుంది కానీ వారంటీ కిందకు కాదు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అదీ రాదు.

తీరంలో ఈ జాగ్రత్తలు తప్పనిసరి

2018 అక్టోబర్ 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎలా ముంచేసిందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే బండిని ఎత్తైన చోటికి మార్చండి. కొబ్బరి చెట్ల కింద వద్దు. కరెంటు రోజుల తరబడి పోవచ్చు కాబట్టి ముందే చార్జింగ్ పెట్టేసుకోండి. ఉప్పు నీటిలో మునిగిన ఈవీని స్టార్ట్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. ఇంటికి, షెడ్డుకు కనీసం 50 అడుగుల దూరంలో ఉంచి సర్వీస్ వాళ్లకు ఫోన్ చేయండి.

ఇంట్లో చార్జింగ్ మధ్యలో ఆగిపోతుంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. లో వోల్టేజ్, ఎర్తింగ్ లోపం ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఇసుక నేలల్లో ఎర్త్ గుంత ఎండిపోతే ఎర్తింగ్ పనిచేయదు. ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించి ఆ బిల్లు దాచుకోండి. 'మీ ఇంటి కరెంటుదే తప్పు' అని ఎవరైనా అంటే చూపించడానికి పనికొస్తుంది.

కంపెనీ పట్టించుకోకపోతే?

ముందు సర్వీస్ మేనేజర్‌కు, తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో మాట్లాడినవి తర్వాత రుజువు చేసుకోవడం కష్టం. అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్.

2019 చట్టం ప్రకారం బండి విశాఖలో కొన్నా, మీరు ఉండే జిల్లాలోనే.. అంటే శ్రీకాకుళంలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ చాలు. ఫీజు కూడా తక్కువే. రూ.10 లక్షల నుంచి 20 లక్షల మధ్య బండికి రూ.400, 20 నుంచి 50 లక్షల మధ్య అయితే రూ.1,000. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

ఇది కాగితాల మీది హక్కు మాత్రమే కాదు. 2022లో కొన్న ఓ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ మార్చాక కూడా 2023లో మంటల్లో కాలిపోయిన కేసులో, బండి ధర రూ.16.95 లక్షలు ఓనర్‌కు తిరిగి ఇవ్వాలని హైదరాబాద్‌లోని కమిషన్ కంపెనీని ఆదేశించింది.

ఫోన్‌లో ఉంచుకోవాల్సినవి: ఎమర్జెన్సీ 112, ఫైర్ 101, అంబులెన్స్ 108, హైవే 1033, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వీటితో పాటు మీ కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబర్, వారంటీ బుక్ ఫొటోలు. డయాలసిస్‌కు వెళ్లే వాళ్లు ఇంట్లో ఉంటే, పిలవగానే వచ్చే ఓ ఆటో డ్రైవర్ నంబర్ కూడా.