కేడ్గాం అచ్చుగదిలో బైబిలు

క్రైస్తవ స్త్రీలు బైబిలు ఎట్లా చదవాలన్న విషయంలో మతబోధకులు చెప్పే మాట సాధారణంగా ఒకటే: రోజూ ఇంత చదవండి, కంఠస్థం చేయండి, అర్థం పాదిరిగారిని అడగండి. గ్రంథం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న ఇందులో రాదు. ఆ ప్రశ్న వేసి, ఆచరణలో జవాబు చెప్పిన మనిషి పండిత రమాబాయి. ఆమెను వితంతువుల ఉద్ధారకురాలిగా మనం గౌరవిస్తాం గాని, ఆమె చేసిన బైబిలు అనువాదాన్ని పట్టించుకోం. మతం పేరు వినగానే పుస్తకం మూసేసే అలవాటు మనలో కొందరికి ఉంది. చరిత్ర విద్యార్థికి ఈ అలవాటు పనికిరాదని నా అభిప్రాయం.

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే లోకాన్ని ఎదిరించి భార్యకు సంస్కృతం నేర్పాడు. తల్లి దగ్గర కూతురు నేర్చుకుంది. పురాణం చెప్పుకుంటూ దేశం తిరిగిన ఆ కుటుంబం 1870ల కరువులో తిరుపతి అడవిలో పదకొండు రోజులు నీళ్ళతో, ఆకులతో గడిపింది. తలిదండ్రులు పోయాక, 1878లో కలకత్తా పండితులు ఆమెకు బిరుదులిచ్చారు. అక్కడే ఆమె ధర్మశాస్త్రాలు చదివింది. ఎన్ని విషయాల్లో విభేదించినా, స్త్రీలనూ శూద్రులనూ కించపరచడంలో మాత్రం శాస్త్రాలన్నీ ఏకాభిప్రాయంతో ఉన్నాయని తేల్చుకుంది.

1883లో ఇంగ్లండులోని వాంటేజిలో బాప్తిస్మం పుచ్చుకుంది. అంతటితో సమస్య తీరిందా? లేదు. బైబిలు తానే చదివి త్రిత్వ సిద్ధాంతంపై ప్రశ్నలు వేస్తే అక్కడి సన్యాసినులకు నచ్చలేదు. ఆమె మగవాళ్ళకు పాఠం చెప్పరాదని ఇండియాలోని బిషప్పులు అడ్డుచెప్పారు. ఒక పురోహితవర్గం కాడి దించుకున్నది మరొకదాన్ని మెడకెత్తుకోవడానికి కాదని ఆమె జవాబు రాసింది. ఈ ఉత్తరాలు మన విద్యార్థులు తప్పక చదవదగినవి.

1896-97 కరువులోనూ, 1900 కరువులోనూ దిక్కులేని ఆడపిల్లలను ఆమె వందల సంఖ్యలో పుణే దగ్గరి కేడ్గాంకు తెచ్చింది. చదువు, నేత, వ్యవసాయం, అచ్చుపని నేర్పింది. మరాఠీ బైబిలు అప్పటికే ఉంది. కాని దాని నిండా సంస్కృత పదాలు. అవి పల్లెటూరి పిల్లలకు అర్థమయ్యేవి కావు. దాంతో నలభయ్యేళ్ళు దాటిన వయసులో రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, మూలం నుంచి వాడుక మరాఠీలోకి తానే అనువాదం మొదలుపెట్టింది. మన గిడుగువారు పాఠ్యపుస్తకాల భాష కోసం పోరాడిన రోజులు కూడా దాదాపు ఇవే.

ఇక అసలు సంగతి. ఆ అనువాదానికి అక్షరాలు కూర్చిందీ, ప్రూఫులు దిద్దిందీ, అచ్చు వేసిందీ ఆశ్రమంలోని స్త్రీలే. ప్రసంగం వినేవాడు నిద్రపోవచ్చు. కంపోజిటరుకు అది కుదరదు. తిరగబడిన సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చాలి, తప్పు దొరికితే విప్పి మళ్ళీ పేర్చాలి. ఒకే వాక్యం ఎన్నిసార్లు కళ్ళముందు తిరుగుతుందో అచ్చాఫీసు గడప తొక్కిన వాళ్ళకు తెలుసు. గ్రంథాధ్యయనానికి ఇంతకంటె గట్టి పద్ధతి నాకు కనబడలేదు. పైగా ఇది చేతికొక వృత్తినిచ్చే చదువు.

ఐతే దీన్ని ఆకాశానికెత్తనవసరం లేదు. ఆకలితో వచ్చిన పిల్ల ఆశ్రయమిచ్చిన చోటి మతాన్ని కాదనగలదా? శారదాసదన్ విషయంలో 1893లోనే తిలక్ మతమార్పిడి గురించి గొడవ చేశాడు. ఆయన ఉద్దేశం సనాతన ధర్మరక్షణే కావచ్చు గాని, ప్రశ్న మాత్రం కొట్టిపారేయదగింది కాదు. కేడ్గాంలో పెత్తనం కూడా రమాబాయిదే. హిందూ మతవాసన ఉన్న మాటలను పనిగట్టుకుని ఏరివేయడం భాషాసేవ అనిపించుకోదు.

కొత్త నిబంధన 1913లో వచ్చింది. 1922 ఏప్రిల్‌లో రమాబాయి చనిపోయింది. సంపూర్ణ గ్రంథం 1924లో ఆ అచ్చుగది నుంచే వెలువడింది. మరాఠీ చర్చిలు మాత్రం తమ పాత బైబిలునే చదువుకుంటూ పోయాయి.