కరెంటు పోయినా నిలిచే ఆబ్జెక్టు

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో తూకం వేసే కొలగారు బెల్లం దిమ్మలు తూచాక రైతు పేరు, బరువు, ధర పద్దుపుస్తకంలో పడతాయి. రాత్రి కొట్టు కట్టేసినా ఆ పద్దు ఎక్కడికీ పోదు. ప్రోగ్రాములో పుట్టిన ఆబ్జెక్టుకు ఆ భద్రత లేదు. ప్రోగ్రాము ఆగితే అదీ పోతుంది. దాచాలంటే ముక్కలు చేసి డేటాబేస్‌లో సర్దాలి, కావలసినప్పుడు మళ్లీ ఏరి అతకాలి. చిన్న మెమరీ ఒకచోట, పెద్ద డిస్కు మరోచోట ఉండటం యంత్రాల ఇబ్బంది. దాన్ని భాష ఎందుకు మోయాలి?

మోయక్కర్లేదని ముందే తేల్చింది ఒక ఆసుపత్రి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో 1966లో మొదలైన మంప్స్ భాషలో పేరు ముందు టోపీ గుర్తు పెడితే చాలు, ఆ విలువ డిస్కులో ఉండిపోతుంది. రోగి రికార్డు రేపు కూడా కావాలి కదా! 1970లలో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పుట్టిన స్మాల్‌టాక్ భాష మరో దారి పట్టింది: ఆబ్జెక్టులన్నిటినీ కలిపి ఒకే ఇమేజ్ ఫైలుగా భద్రపరిచేది. ఒక్కరికైతే బాగుంది, పదిమంది పంచుకోవాలంటే కుదరదు. ఆ లోటు తీర్చడానికే 1980లలో జెమ్‌స్టోన్ అనే ఆబ్జెక్టు డేటాబేస్ వచ్చింది.

అసలు మలుపు స్కాట్లండ్‌లో. మాల్కమ్ అట్కిన్సన్, రాన్ మారిసన్ బృందాలు 1980ల మొదట్లో పీఎస్-ఆల్గోల్ భాష రూపొందించాయి. డేటాబేస్ వాడే ప్రోగ్రాముల్లో సుమారు 30 శాతం కోడు డేటాను డిస్కులోకి దించే, మళ్లీ మెమరీలోకి ఎక్కించే పనికే పోతోందని వాళ్లు పేర్కొన్నారు. వాళ్ల సూత్రం నాకు ఇప్పటికీ అందంగా కనిపిస్తుంది: ఏ రకం విలువైనా ఎంతకాలమైనా బతకవచ్చు. ఒక మూలం నుంచి గొలుసు పట్టుకుని చేరగలిగినవన్నీ నిలుస్తాయి, మిగతావి రాలిపోతాయి. ప్రోగ్రామరు "దాచు" అని చెప్పనక్కర్లేదు. తర్వాత నేపియర్88 భాష వచ్చింది. 1990లలో గ్లాస్గో విశ్వవిద్యాలయం, సన్ కంపెనీ కలిసి జావాకు అదే గుణం అద్దుతూ పీజామా చేశాయి.

అయినా జావా లోకం ఆ దారిన నడవలేదు. 2001లో వచ్చిన హైబర్నేట్ లాంటి పనిముట్లతో ఆబ్జెక్టును డేటాబేస్ పట్టికలోకి మార్చుకోవడానికే అలవాటు పడింది. ఒక కారణం: ఆబ్జెక్టు తనకు రూపమిచ్చిన నిర్వచనమైన క్లాసు కన్నా ఎక్కువకాలం బతుకుతుంది. మన బెల్లం మార్కెట్‌నే చూడండి. 1958లో మెట్రిక్ తూకాలు రావడం మొదలయ్యే దాకా లెక్క మణుగుల్లో, వీశెల్లో, ఇప్పుడు క్వింటాళ్లలో. పాత పద్దులో "పది" అని మాత్రమే ఉంటే పది ఏమిటి? మనిషైతే పక్కనున్న తేదీ చూసి మణుగులని గ్రహిస్తాడు. కొత్త క్లాసు కింద మేల్కొన్న పాత ఆబ్జెక్టుకు ఆ సంగతి భాషే చెప్పాలి.