చుట్టి కట్టుకునే గౌను

మా అమ్మాయికి అయిదో నెల. ఈ ఎండల్లోకి పొడుగు చేతుల ర్యాప్ మ్యాక్సీ కుడుతున్నాను, మెత్తటి మల్ కాటన్‌తో. జిప్పు లేదు, గుండీలు లేవు. ఒక పక్క మీద ఇంకో పక్క వేసి నడుం దగ్గర తాళ్లు కట్టుకోవడమే. పొట్ట పెరిగేకొద్దీ వదులు చేసుకోవచ్చు, రేపు బిడ్డకి పాలివ్వడానికీ సులువు.

ర్యాప్ అనగానే డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ 1974లో తెచ్చిన జెర్సీ గౌను గుర్తొస్తుంది. రెండేళ్లలో పది లక్షలకి పైగా అమ్ముడయింది. నాకు మాత్రం అంతకుముందు వంటింటి కథే ఇష్టం.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఆహార పొదుపు వ్యవహారాలు చూసిన హెర్బర్ట్ హూవర్ పేరుతో ‘హూవర్ ఏప్రన్’ వచ్చింది. ముందు రెండు పక్కలూ నిండుగా ఉండేవి. పైదానికి మరక పడితే లోపలికి వేసి, శుభ్రమైన పక్కని పైకి కట్టుకునేవారు. గుమ్మంలో ఎవరో పిలిస్తే నైటీ మీద చున్నీ వెతుక్కునే మనకి ఆ తెలివి విలువ తెలుసు!

1942లో క్లేర్ మెకార్డెల్ ‘పాపోవర్’ చేసింది. పనివాళ్లు యుద్ధ ఫ్యాక్టరీలకి వెళ్లిపోవడంతో ఇంటిపని ఇల్లాళ్ల మీద పడిన రోజులవి. ధర 6.95 డాలర్లు. పెద్ద జేబు, వేడి గిన్నె దింపుకోవడానికి ఒక గ్లవ్ కూడా దాంతోనే. వంట చేస్తూనే వేసుకోవచ్చు, అతిథులొస్తే అలాగే ఎదురెళ్లొచ్చు.

పై పక్క అవతలి కుట్టుదాకా రావాలి, లేకపోతే కూర్చోగానే విచ్చుకుంటుంది. నాది రెండంగుళాలు తగ్గింది. విప్పి పట్టీ అతుకుతున్నాను.